గేటు ముందరి సారా కొట్టు

ఆ ఉదయం ఆకాశం వాననూ ఇవ్వలేదు, ఎండనూ ఇవ్వలేదు. రాతిపొడి రంగు మబ్బు ఒకటి క్వారీ మీద కదలకుండా నిలబడింది. గాలి పడిపోయింది. గాలి లేని రోజున నా కొలిమి పొగ పైకి పోదు, కళ్లలోకే వస్తుంది.

ఉలులకు పదును పెట్టేవాణ్ని నేను. కొలిమి గేటు పక్కనే. గేటుకు అటువైపు ఇరవై అడుగుల్లో సారా కొట్టు. అయిదింటికి తలుపులు తీస్తుంది. ఆరింటికి పని మొదలు. కొట్టు కంట్రాక్టరు తమ్ముడిది. గోడకు అద్దాల చట్రంలో లైసెన్సు, దాని మీద ప్రభుత్వ ముద్ర. లోపలికి పోయేవాడు ముందు కొట్టును దాటాలి, ఆ తర్వాత నన్ను దాటాలి. కొట్టు దగ్గర ఆగకుండా వచ్చేవాళ్లకు మేస్త్రీ ఆ పూట లోతు గుంతలో పని చూపించేవాడు. మూడు రోజులు లోతు గుంతలో చేసినవాడు నాలుగోరోజు తనే కొట్టు ముందు ఆగేవాడు.

మా క్వారీలో ఒక పద్ధతి ఉంది. రాతిలో తొలిచిన రంధ్రాల్లో మందుగుండు కూరి, వత్తులు ముట్టించి, ఆ పని చేసే మనిషి గోడ చాటుకు పరుగెత్తి వస్తాడు. అతన్ని అందరూ వత్తులాయన అంటారు. వచ్చి ఎన్ని ముట్టించాడో గట్టిగా చెబుతాడు. గోడ వెనక ఉన్న వందమందీ ఒక్క గొంతుతో పేలుళ్లు లెక్కపెడతారు. ఆయన చెప్పిందీ, పేలిందీ కలిస్తేనే కిందికి దిగడం. ఒక్కటి తక్కువైనా మర్నాటి దాకా ఎవరూ దిగరు. కాయితం మీద ఉన్న నియమం కాదిది. చచ్చినవాళ్లు నేర్పింది.

ఆ పూట వత్తులాయన "పది" అన్నాడు. నాలుక మడత పడింది. అందరూ విన్నారు. రోజూ పడేదే కదా అనుకున్నారు.

ఒకటి, రెండు, మూడు. పదీ పేలాయి. ఎప్పటిలాగే మా బావ ముందుగా దిగాడు. రంధ్రాలు తొలిచేవాడు ఆయనే కాబట్టి రాయి ఎలా చీలిందో ఆయనే చూడాలి. పోతూ పోతూ నా వైపు తిరిగి, "బామ్మర్దీ, ఆ పొడుగు ఉలి కొస విరిగింది, మధ్యాహ్నానికి చూడు" అన్నాడు.

పదకొండోది ఎవరూ లెక్కపెట్టలేదు.

మా అక్క ఆ క్వారీలోనే గంప మోస్తుంది. నెత్తిమీద గంప దించకుండానే పరుగెత్తింది. బావ దగ్గర కూలబడిన తర్వాత కూడా రాళ్ల గంప నెత్తిమీదే ఉంది. దాన్ని నేనే దించాను. నాకంటూ చేయడానికి కనిపించిన పని అదొక్కటే.

* * *

మధ్యాహ్నం ఆఫీసరు వచ్చాడు. డాక్టరు రాసిచ్చిన కాయితం తెచ్చాడు. బావ ఒంట్లో సారా ఉందని అందులో ఉంది. నిజమే. ఆ పొద్దున ఒక గ్లాసు తాగాడు. నేను చూశాను.

"తాగి పనిలోకి దిగిన కూలీ చనిపోతే యజమానికి బాధ్యత లేదు. పరిహారం రాదు. చట్టం అలా ఉందమ్మా" అన్నాడు ఆఫీసరు.

అక్క ఏడవలేదు. "ఎక్కడ తాగాడో రాశారా?" అంది.

"ఆ ప్రశ్న ఈ కాయితంలో లేదు."

"ఎవడు అమ్మాడో?"

"అది కూడా లేదు."

"కొట్టుకి పర్మిషన్ ఇచ్చింది ఎవరు సారూ?"

"ప్రభుత్వం."

"కాయితం ఎవరిది?"

ఆఫీసరు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కంట్రాక్టరు వచ్చి చేతులు కట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత మేస్త్రీని పిలిచి, "రేపటికి రెండు లారీల రాయి పోవాలి, మర్చిపోకు" అన్నాడు. అది మెల్లగానే అన్నాడు గానీ శవం పక్కన ఏ మాటైనా గట్టిగానే వినిపిస్తుంది. నలభై ఏళ్లుగా రాయి కొడుతున్న సమ్మెట తాత ఉమ్మేసి, "ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట" అన్నాడు.

* * *

మర్నాడు పనికి ఎవరూ పోలేదు. ఆడవాళ్లు కంకర కొట్టే రేకుల షెడ్డులో అందరం కూర్చున్నాం. కట్టు కట్టడానికి వచ్చిన డిస్పెన్సరీ నర్సమ్మ కూడా ద్వారం దగ్గర ఆగింది.

"తగలబెడదాం" అన్నారు ఆడవాళ్లు. "ఇప్పుడే పోదాం పదండి."

"తగలబెడితే కొట్టు కాలుద్ది. లైసెన్సు కాలుద్దా?" అన్నాడు వసపిట్ట. వాడు డ్రిల్లు పట్టే మనిషి. డ్రిల్లు ఆగినా వాడి నోరు ఆగదని ఆ పేరు పెట్టారు. "వారంలో కొత్త రేకులతో మళ్లీ లేస్తుంది. మనం జైల్లో ఉంటాం. వాడు మన పేరు చెప్పి ఇంకో గది కట్టుకుంటాడు."

"అయితే మొత్తానికే నిషేధించమని అడుగుదాం" అంది ఒకామె.

సమ్మెట తాత తల అడ్డంగా ఊపాడు. "అదీ చూశానమ్మా. నేను వయసులో ఉన్నప్పుడు మొత్తం మూసేశారు. మూణ్ణెల్లు హాయిగా ఉన్నాం. తర్వాత క్యాన్లలో వచ్చింది. ఎవడు కాచాడో తెలీదు, అందులో ఏం కలిపాడో తెలీదు. నా తమ్ముడికి రెండు కళ్లూ పోయాయి. పోలీసు దగ్గరికి పోదామంటే తాగడమే నేరం. ఆ క్యాన్లు తెచ్చిందెవరనుకున్నారు? ఈ కంట్రాక్టరు వాళ్ల నాన్నే."

అందరూ నర్సమ్మ వైపు చూశారు.

"నన్ను మాట్లాడమనకండి. నేను గవర్నమెంటు మనిషిని" అంది నర్సమ్మ. అని, మళ్లీ తనే మాట్లాడింది. "పొద్దుటి పూట దొరక్కపోతే నా దగ్గరికొచ్చే దెబ్బల్లో సగం రావు. పని ఉన్నచోట కొట్టు ఉండకూడదు. కూలికి పెట్టుకునేవాడికీ, వాడింట్లోవాళ్లకీ లైసెన్సు ఇవ్వకూడదు. ఇంకోటి. ఘాటు ఎంతుంటే పన్ను అంతుండాలి. ఇప్పుడది తలకిందులుగా ఉంది. మీరు తాగేదే అన్నిటికన్నా ఘాటైంది, అదే అన్నిటికన్నా చవక. పేదల సరుకని పన్ను తగ్గించారట."

"అబ్బ, ఎంత జాలి!" అన్నాడు వసపిట్ట. "ఉప్పు మీద లేదు, చెప్పుల మీద లేదు, పిల్లల పలకల మీద లేదు. సారా దగ్గరికొచ్చేసరికి మనమీద జాలి పొంగుకొచ్చింది."

నవ్వారు. ఆ రోజు నవ్విన నవ్వు అదొక్కటే.

వెనక నుంచి ఒకడు లేచాడు. "నవ్వకండి. పన్ను పెంచితే కట్టేది ఎవడు? మనమే. తాగేవాడు మానడు, ఇంట్లో పొయ్యి మానుతుంది."

చాలాసేపు ఉలి మీద సమ్మెట పడినట్టు ఆ మాటే మోగింది. చివరికి అక్క మాట్లాడింది. బావ పోయాక నలుగురిలో ఆమె మాట్లాడటం అదే మొదలు.

"వాడన్నది నిజం. పన్నొక్కటే అడిగితే మన పీక మనం కోసుకున్నట్టే. నా మొగుడు తాగుబోతు కాదు. ఇంటి దగ్గర ఎప్పుడూ తాగలేదు. గేటు ముందుంది కాబట్టి తాగాడు, లోతు గుంత తప్పుతుందని తాగాడు. అందుకని మూడూ కలిపి అడగాలి. వేళ మార్చాలి, పని ముగిసేదాకా అమ్మకూడదు. చోటు మార్చాలి, పని దగ్గర ఉండకూడదు, పని ఇచ్చేవాడి చేతిలో ఉండకూడదు. పన్ను ఘాటుని బట్టి మార్చాలి. ఒకటి వదిలి ఒకటి ఇస్తే తీసుకోకూడదు."

మూడింటికీ చేతులు లేచాయి. నాలుగోది ఒకటి ఉండాలని మాలో ఎవరికీ తట్టలేదు. నర్సమ్మకు తట్టి ఉండేది. కానీ ఆమెను పక్క ఊళ్లో టీకాలకు వారం పాటు రమ్మని కబురు రావడంతో సగంలోనే వెళ్లిపోయింది.

* * *

పని ఆపితే కంట్రాక్టరు బయటి నుంచి కూలీలను తెస్తాడు. అది మాకు తెలుసు. అందుకని పనికి వెళ్లాం. వత్తులాయన నాలుగే నాలుగు వత్తులు ముట్టించాడు. గోడ చాటుకొచ్చి "నాలుగు" అన్నాడు. పేలాయి. వందమందిలో ఒక్క నోరూ తెరుచుకోలేదు.

"దిగండి" అన్నాడు మేస్త్రీ.

"లెక్క తెలీదు" అన్నాడు సమ్మెట తాత.

"నాలుగూ పేలాయిగా!"

"మేం లెక్కపెట్టలేదు."

కబురు పోయింది. కంట్రాక్టరు జీపు దిగి వచ్చాడు. మళ్లీ రెండు వత్తులు ముట్టించమన్నాడు. పేలాయి. వందమందీ నేల చూస్తూ నిలబడ్డారు.

"రెండు! నేను లెక్కపెట్టాను! నా చెవులతో విన్నాను!" అని అరిచాడు కంట్రాక్టరు.

"అయితే మీరు దిగండి బాబూ. మీ వెనకే మేమూ దిగుతాం" అంది అక్క.

కంట్రాక్టరు గుంత వైపు చూశాడు. చెప్పులు చూసుకున్నాడు. ఒక అడుగు వేశాడు, ఆగాడు. ఆ ఆగడం వందమందీ చూశారు. ఇన్నేళ్లలో ఏ ఉపన్యాసమూ మాకు అంత స్పష్టంగా చెప్పలేదు.

మూడు రోజులు అలాగే జరిగింది. పనికి వచ్చాం, గోడ వెనక నిలబడ్డాం, లెక్కపెట్టలేదు. లారీలు ఖాళీగా తిరిగి పోయాయి. మూడోరోజు ఆఫీసరు కబురు పెట్టాడు. నాలుగు రోజుల్లో ప్రమాదం మీద విచారణ, సాక్షిని తెచ్చుకోండి అని.

* * *

సాక్షి వత్తులాయన. ఏ గంటకు తాగాడు, ఎవరు పోశారు, ఆ తర్వాత ఎవరు వత్తులు చేతికిచ్చారు, అన్నీ చెప్పాల్సింది ఆయనే. ఆయన వచ్చి అక్క కాళ్ల మీద పడ్డాడు.

"నేనే చంపానమ్మా. పదకొండు ముట్టించి పదన్నాను."

"లే. నువ్వొక్కడివే చంపావా? ఆ మాట నా కాళ్ల దగ్గర కాదు, విచారణలో చెప్పు."

"చెబుతానమ్మా."

"తాగకుండా వచ్చి చెప్పు. నోరు వాసనొస్తే నీ మాట గాలికి పోతుంది."

"తాగనమ్మా."

ఆ సాయంత్రమే కంట్రాక్టరు జీపు ఆయన ఇంటి ముందు ఆగింది. క్యాను దింపి, డబ్బులక్కర్లేదు తాగమన్నారు. మా వాళ్లు పోయి జీపుని తరిమారు. ఇక ఆయన్ని ఒంటరిగా వదలకూడదనుకున్నాం. పనిముట్ల గదిలో చాప వేసి ఉంచాం. ద్వారం దగ్గర ఇద్దరు కాపలా. తాళం నా దగ్గర. అందరం కలిసి చేతులెత్తి తీసుకున్న నిర్ణయమే అది. ఎవరూ వద్దనలేదు.

వద్దన్నది ఆయన భార్య ఒక్కతే. మొదటి రోజు సాయంత్రం వచ్చి ద్వారం దగ్గర నిలబడింది. "పొద్దున్నే రెండు గుక్కలు పడకపోతే ఆయన మనిషిలా ఉండడు. ఇరవై ఏళ్లుగా అంతే. కొంచెం ఇయ్యండి వదినా, కొంచెమే."

"నీ మొగుడి గుక్కలకే నా మొగుడు పోయాడు" అంది అక్క.

ఆమె తెచ్చిన దుప్పటి నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

రెండోరోజు ఆయన చేతులు ఆగకుండా కొట్టుకున్నాయి. ఒళ్లంతా చెమట. నీళ్ల చెంబు పట్టుకోలేకపోయాడు. "నాటకాలు" అన్నారు కాపలావాళ్లు. "భయం" అన్నాడు వసపిట్ట. మూడోరోజు గోడ మీద చీమలు బారులు కట్టాయని చేతులతో తుడవడం మొదలుపెట్టాడు. గోడ మీద చీమలు లేవు. నన్ను చూసి "ఎన్ని పేలాయి?" అన్నాడు. "ఏమీ పేలలేదన్నా, పడుకో" అన్నాను. తాళం వేశాను.

అదే రోజు మిట్టమధ్యాహ్నం లోపల ఏదో పడిన చప్పుడైంది. తలుపు తీసేసరికి ఒళ్లు విల్లులా వంగి, నోట నురగతో కొట్టుకుంటున్నాడు. చేతిలో తాళాల గుత్తి పెట్టాం. మాకు తెలిసింది అదే. మూర్ఛ ఒకసారి ఆగి మళ్లీ వచ్చింది. మూడోసారి తర్వాత కదలలేదు.

నర్సమ్మ కబురందుకుని ఆటో దిగి పరుగున వచ్చింది. నాడి చూసి, గది చూసి, తాళం చూసి కూర్చుండిపోయింది.

"ఎవరు ఆపమన్నారు?"

నేను తాళం ఆమె ముందు పెట్టాను.

"అన్నేళ్లు తాగినవాడికి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదకొస్తుంది. ఆసుపత్రిలో పడుకోబెట్టి, మాత్రలిచ్చి, మెల్లగా ఆపించాలి. పక్కన మనిషి ఉండాలి."

"ఏ ఆసుపత్రి?" అన్నాడు సమ్మెట తాత.

నర్సమ్మ తల దించుకుంది. ఆమె డిస్పెన్సరీలో ఉన్నది ఒక బల్ల, ఒక కట్టుగుడ్డల పెట్టె. అలాంటి మంచాలున్న ఆసుపత్రికి బస్సులో ఒక పగలంతా పోవాలి. కొట్టుకి మాత్రం ఇరవై అడుగులు.

అక్క ఆ గదిలోకి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు చేతిలో ఆ దుప్పటి ఉంది. "కప్పలేదురా నువ్వు. మడత కూడా విప్పలేదు" అంది నాతో.

* * *

విచారణ కంట్రాక్టరు ఆఫీసు గదిలో. ఫ్యాను కింద బల్ల, బల్ల వెనక ఆఫీసరు, పక్క కుర్చీలో కంట్రాక్టరు. మేమంతా గదిలో, వరండాలో, కిటికీల బయట.

"సాక్షి చనిపోయాడు కాబట్టి ఇందులో ఇంకేం లేదు. ఒక కూలీ తాగిన మైకంలో చేసిన పొరపాటు, అంతే" అని ఆఫీసరు కలం మూత పెట్టబోయాడు.

"ఉండండి సారూ" అంది అక్క. "ముందు ఆయనెలా పోయాడో రాయండి. మేం గదిలో పెట్టి తాళం వేశాం. తాగుడు ఆపిస్తున్నామనుకున్నాం. చంపాం. ఆ మాట నా పేరు మీద రాయండి."

కంట్రాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "చూశారా సార్? వాళ్లే ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకుంటాం. మా తప్పు మేం ఒప్పుకుంటాం. మీ తప్పు ఎవరు ఒప్పుకుంటారు?" అంది అక్క. "తాగడం నేర్పడానికి ఇరవై అడుగుల్లో కొట్టు పెట్టారు. మానడానికి ఒక్క మంచం వెయ్యలేదు. ఆ సీసా మీద వచ్చే పన్ను ఎటు పోతుంది సారూ?"

"ఆ ఆదాయంతోనే ప్రభుత్వం నడిచేది. రోడ్లు, బడులు..." అన్నాడు ఆఫీసరు. మంచి మనిషే. చెబుతూ చెబుతూ తనే ఆగిపోయాడు.

"కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి" అని గొణిగాడు సమ్మెట తాత. "తాగాలి, పన్ను రావాలి. చచ్చినప్పుడు మాత్రం తాగావెందుకని అడగాలి." అని బల్ల ముందుకొచ్చాడు. "రాయండి. ఆ పొద్దున నేనూ తాగాను. అయిదున్నరకి. ఈయన తమ్ముడు పోశాడు. మేస్త్రీ చూశాడు. చూసే లోపలికి పంపాడు."

"తాతా, ఆలోచించి మాట్లాడు" అన్నాడు ఆఫీసరు. "తాగి పనిలోకి దిగానని వేలిముద్ర వేస్తే రేపట్నుంచి పని ఉండదు. ఏ హక్కూ ఉండదు."

"చచ్చాక ఉండే హక్కు చూశాంగా" అని తాత వేలు సిరాలో ముంచాడు.

వసపిట్ట వచ్చాడు. వాడికి ఆ రోజు మాటలు రాలేదు. "నేనూ" అన్నాడంతే. తర్వాత ఇంకొకడు. "నేనూ. అయిదింపావుకి." కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికొచ్చింది, వేలిముద్ర కోసం. వరుస వరండా దాటి గేటు దాకా పోయింది. కంట్రాక్టరు లేచి, "మీ అందరినీ తీసేస్తాను! ఒక్కొక్కణ్నీ!" అని అరిచాడు.

"ఒక్కొక్కణ్నీ కాదు బాబూ. అందర్నీ ఒకేసారి తీసెయ్యండి" అన్నాడెవడో. ఎవడో చూడలేదు.

నా వంతు వచ్చింది. నేను తాగను. అందుకని నాకు ఇంకా కష్టమైంది. "ఆరేళ్లుగా గేటు పక్కన కూర్చుని రోజూ చూశాను. ఒక్కరోజూ చెప్పలేదు. ఆ గది తాళం కూడా నా చేతిలోదే" అని రాయించాను.

చివర నర్సమ్మ వచ్చింది. ఎనిమిదేళ్ల దెబ్బల పుస్తకం బల్ల మీద పెట్టింది. ఏ వేళకు ఎంతమంది వచ్చారో అందులో ఉంది. "ఇది బయట పెట్టే అధికారం నాకు లేదు. అది కూడా రాసుకోండి" అంది.

అక్క మా కోరికలు చెప్పింది. ఇప్పుడు నాలుగు. వేళ, చోటు, ఘాటుని బట్టి పన్ను. నాలుగోది, ఆ పన్నులోంచి మొదటి వాటా మానాలనుకునేవాళ్ల మంచాలకు, ఒక్క పూటలో చేరగలిగేంత దూరంలో.

ఆఫీసరు అన్నీ రాసుకున్నాడు. పైకి పంపుతానన్నాడు. పైన ఏం జరుగుతుందో చెప్పలేనన్నాడు.

* * *

మర్నాడు గేటుకు తాళం పడింది. తొంభై ముగ్గురి పని పోయింది. నర్సమ్మకు బదిలీ కాయితం వచ్చింది. ఇద్దరు పోలీసులు కొట్టు ముందు బెంచీ వేసుకుని కూర్చున్నారు. కాపలా క్వారీకి కాదు, కొట్టుకే. అయిదింటికే దాని తలుపులు తెరిచి ఉన్నాయి.

మేం రోడ్డుకు ఇవతల, కొట్టుకు ఎదురుగా వరుసగా కూర్చున్నాం. ఎవరినీ అడ్డుకోలేదు. రాయి కూడా విసరలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాం. అంతమంది కళ్ల ముందు గ్లాసు ఎత్తడానికి లారీ డ్రైవర్లకు కూడా చెయ్యి రాలేదు. ఒకడు సీసా కొనుక్కుని, మా వైపు చూసి, మూత తీయకుండానే లారీ ఎక్కాడు. కంట్రాక్టరు తమ్ముడు చాలాసేపు ఈగలు తోలుకున్నాడు.

పొద్దు నడినెత్తికొచ్చేసరికి కొండకు అవతలి క్వారీ ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల గేటు ముందు కూడా కొట్టు ఉంది. రెండు గుండిగలు చెరోవైపూ పట్టుకుని మోసుకొచ్చారు. నలుగురు మగవాళ్లు వెనక నీళ్లు తెచ్చారు. "మా దగ్గర ఇవాళ పొద్దున్నించీ ఎవరూ కిందికి దిగలేదు" అంది వాళ్లలో పెద్దావిడ. గుండిగలు దించి మూతలు తీసింది.

వత్తులాయన భార్య కూడా వచ్చింది. ఆయన్ని మట్టి చేశాక ఇల్లు దాటి రావడం అదే. వరుస చివర, ఎవరికీ తగలనంత దూరంలో నిలబడింది. ఆమెని రమ్మనే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

అక్క లేచి వెళ్లలేదు, పిలవలేదు. తను కూర్చున్న గోనెపట్టా మీద ఒక పక్కకు జరిగింది. ఇంకొక మనిషికి చోటు పడేంత.

ఆమె చాలాసేపు ఆ చోటు వైపు చూసింది. తర్వాత వచ్చి కూర్చుంది.

పెద్దావిడ వడ్డించుకుంటూ వచ్చింది. వేడి అన్నం, ఉప్పు. తొంభై ముగ్గురం రోడ్డు పక్కన, పోలీసులు చూస్తుండగా, కొట్టు చూస్తుండగా తిన్నాం. చేతులు కంచాలకు తగిలే చప్పుడు ఒక్కటే వినిపించింది.